చోటు ఉన్న ప్రతి లెక్కకూ మ్యాపేనా?

ఈ పూట మ్యాపుల గురించి, గ్రాఫుల గురించి మాట్లాడుకుందాం. రేడియోలో బొమ్మ చూపించే వీలు లేదు కాబట్టి, మీలో చాలామంది ఇదివరకే చూసిన బొమ్మతో మొదలుపెడతాను.

2023 ఆగస్టు 23 సాయంత్రం. చంద్రయాన్-3లో వెళ్లిన విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగుతోంది. దేశమంతా టీవీల ముందు, ఫోన్ల ముందు కూర్చుంది. ఆ ప్రసారం వచ్చింది బెంగళూరులోని పీణ్య నుంచి. తుమకూరు రోడ్డు పక్కన లేత్ షాపులు, గార్మెంట్ ఫ్యాక్టరీలు, ప్లేటింగ్ యూనిట్లు కిక్కిరిసిన పారిశ్రామికవాడ పీణ్య. ఇస్రో వారి ఇస్ట్రాక్ కేంద్రం ఉన్నది అక్కడే. మన ఉపగ్రహాలు ఎక్కడున్నాయో కనిపెట్టడం, వాటికి ఆదేశాలు పంపడం, అవి పంపే కబురు అందుకోవడం ఆ కేంద్రం పని.

ఆ సాయంత్రం అక్కడి పెద్ద తెర మీద అందరి కళ్లూ దేని మీద ఉన్నాయో గుర్తు చేసుకోండి. చంద్రుడి మ్యాపు మీద కాదు, ఒక గ్రాఫు మీద. పైనుంచి కిందికి వాలే గీత అది. ముందే లెక్కగట్టిన దారి ఒక రంగులో ఉంది, ల్యాండర్ నిజంగా వస్తున్న దారి ఇంకో రంగులో ఉంది. పక్కనే అంకెలు మారుతున్నాయి: ఎత్తు ఎంత, అడ్డంగా పోయే వేగం ఎంత, కిందికి దిగే వేగం ఎంత. దిగడం మొదలైనప్పుడు ల్యాండర్ సుమారు 30 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా దూసుకుపోతోంది. ఇరవై నిమిషాలలోపే ఆ ఎత్తూ ఆ వేగమూ రెండూ సున్నాకు రావాలి. లెక్కలు తెలిసినవారూ తెలియనివారూ ఆ రెండు గీతలు కలిసి నడుస్తున్నాయా లేదా అని ఊపిరి బిగబట్టి చూశారు. ఎవరూ ఎవరికీ వివరించి చెప్పాల్సిన అవసరం రాలేదు.

అక్కడ చంద్రుడి మ్యాపు పెట్టి, దాని మీద ఒక చుక్కను నడిపించి ఉంటే ఏమయ్యేది? దానికి జవాబు నాలుగేళ్ల ముందటి ఇంకో రాత్రిలో ఉంది. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున, అదే పీణ్య కేంద్రంలో, చంద్రయాన్-2 ల్యాండర్ దిగుతున్నప్పుడు కూడా తెర మీద ఇలాంటి గ్రాఫే ఉంది. దిగాల్సిన దారి ఎర్ర గీత, నిజంగా దిగుతున్న దారి ఆకుపచ్చ. చాలాసేపు ఆకుపచ్చ ఎర్ర గీతను అంటుకునే నడిచింది. చివర్లో పక్కకు తప్పుకుంది. 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు అంతా అనుకున్నట్టే సాగిందనీ, ఆ తర్వాత సంబంధం తెగిపోయిందనీ అప్పటి ఇస్రో అధ్యక్షులు శివన్ గారు ప్రకటించారు. కానీ ఆ మాట రాకముందే గీత చూసినవాళ్లకు గుండె జారిపోయింది.

అదే రాత్రి మ్యాపు మాత్రమే ఉండి ఉంటే మనకు ఏమీ తెలిసేది కాదు. మ్యాపు అంటే పైనుంచి చూసిన చూపు. పైనుంచి చూస్తే మెల్లగా దిగుతున్నదీ కూలిపోతున్నదీ ఒకే చుక్కగా కనిపిస్తాయి. ఆ నిమిషాల్లో ప్రాణమంతా ఎత్తులో ఉంది, వేగంలో ఉంది. మ్యాపులో లేనివి సరిగ్గా ఆ రెండే.

అయితే మ్యాపు అక్కర్లేదని కాదు. ల్యాండర్‌ను ఎక్కడ దించాలో తేల్చింది మ్యాపులే. చంద్రయాన్-2 ల్యాండర్ పోయినా దాని ఆర్బిటర్ చంద్రుడి చుట్టూ తిరుగుతూనే ఉంది. దాని కెమెరా తీసిన ఫొటోల్లో మీటరు కన్నా చిన్న వివరం కూడా తెలుస్తుంది. ఎక్కడ గుంటలు, ఎక్కడ బండరాళ్లు, ఎక్కడ వాలు ఎక్కువ అని ఆ ఫొటోలతో పటాలు తయారుచేసి, దక్షిణాన 69 డిగ్రీల అక్షాంశం దగ్గర దిగే చోటును ఎంచుకున్నారు. చంద్రయాన్-2లో అరకిలోమీటరు పొడవు, అరకిలోమీటరు వెడల్పు ఉన్న చదరంలో దించాలనుకున్నారు. చంద్రయాన్-3కి దాన్ని నాలుగు కిలోమీటర్ల పొడవు, సుమారు రెండున్నర కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. ఆ నిర్ణయాలన్నీ మ్యాపు ముందు కూర్చుని తీసుకున్నవి. అప్పటి ప్రశ్న ‘ఎక్కడ దిగాలి’ అన్నది. దిగే రోజు ప్రశ్న ‘ఎలా దిగుతోంది’ అన్నది. ప్రశ్న మారింది కాబట్టి బొమ్మా మారింది.

ఉపగ్రహాలను నడిపే కేంద్రాల్లో ఈ మార్పు రోజూ జరిగేదే. గోడ మీద ప్రపంచ పటం ఉంటుంది. దాని మీద ఉపగ్రహం నేల మీద వేసే జాడ అలలాంటి గీతగా కనబడుతుంది. బెంగళూరు, లక్నో, శ్రీహరికోట, పోర్ట్ బ్లెయిర్, మారిషస్, బ్రూనై, ఇండోనేషియాలోని బియాక్: ఈ చోట్లన్నిట్లో ఇస్ట్రాక్ యాంటెనాలు ఉన్నాయి. ఇప్పుడు ఉపగ్రహం ఏ యాంటెనా కంటబడుతుంది అంటే మ్యాపు చూడాలి. కానీ రేపు ఏ యాంటెనా ఏ ఉపగ్రహానికి ఎన్ని నిమిషాలు కేటాయించాలి అంటే మ్యాపు పనికిరాదు. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహం భూమిని సుమారు గంటన్నరకో, ఇంకాస్త ఎక్కువ సేపటికో ఒకసారి చుట్టి వస్తుంది. ఒక యాంటెనాకు కనబడేది పది, పదిహేను నిమిషాలే. రెండు ఉపగ్రహాలు ఒకేసారి ఒకే యాంటెనాను అడిగితే? అది తేల్చడానికి కాలం గీత కావాలి. ఒక్కో యాంటెనాకు ఒక్కో వరుస, వరుసలో నిమిషాల పట్టీలు ఉండాలి. చోట్ల పేర్లన్నీ అందులో ఉన్నాయి కానీ అది మ్యాపు కాదు, టైంటేబుల్.

నేను చెప్పదలచుకున్నది ఇదే. లెక్కలో ఊరి పేరు ఉన్నంత మాత్రాన మ్యాపు గీయాలని లేదు. ఆ లెక్కలో చోటు పనిచేస్తోందా, పేరుగా మాత్రమే ఉందా అని ముందు అడగాలి. పక్కపక్కన ఉండటం, ఎగువన ఉండటం, దిగువన ఉండటం, దూరంగా ఉండటం వల్ల ఏమైనా తేడా వస్తోందా? వస్తే మ్యాపు. రాకపోతే బార్ గ్రాఫు, లైన్ గ్రాఫు, లేదా చక్కగా వేసిన పట్టిక.

పీణ్యలోనే చోటు నిజంగా పనిచేసే సంగతి ఒకటుంది. అది నీళ్ల సంగతి. 1970ల చివర్లో మొదలై, స్టేజీలుగా, ఫేజులుగా పెరిగి, దక్షిణాసియాలోని అతిపెద్ద పారిశ్రామికవాడల్లో ఒకటిగా పీణ్య పేరు తెచ్చుకుంది. విడిభాగాలకు క్రోమియం, నికెల్, జింకు పూతలు పూసే చిన్న చిన్న యూనిట్లు అక్కడ చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల బోరు నీళ్లలో క్రోమియం తేలింది. అందులో ఆరు వేలెన్సీ ఉన్న రకం మనిషి ఆరోగ్యానికి చాలా చెడ్డది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో మొత్తం క్రోమియం 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇక్కడ బోర్ల ఫలితాలను ఒకటి నుంచి ముప్పై వరకు వరుస నంబర్లు వేసి బార్ గ్రాఫుగా గీస్తే ఎన్ని బోర్లు హద్దు దాటాయో తెలుస్తుంది. అది తెలియాల్సిందే. కానీ ఆ నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో తెలియదు. ఏ వీధిలో పూత పనులు ఉన్నాయి, నేల ఎటు వాలింది, ఏ కాలువ ఎక్కడ కలుస్తోంది అన్నవి మ్యాపు మీద పెట్టి, వాటి పక్కన బోర్లను చుక్కలుగా గుర్తిస్తే అప్పుడు సంగతి నోరు విప్పుతుంది. పీణ్య వైపు నుంచి వచ్చే వాగునీరు వృషభావతి నదిలో కలుస్తుంది. ఆ నది నగరం పడమటి అంచున పారి, బైరమంగల చెరువు మీదుగా అర్కావతికీ, అక్కణ్నుంచి కావేరికీ చేరుతుంది. ఎగువ వీధిలో ఒలికినది దిగువ పల్లె పొలంలోకి ఎలా వస్తుందో బార్ గ్రాఫు ఎన్నడూ చెప్పలేదు.

మ్యాపు గీసేవాళ్లు ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. ఇది నాకు చాలా ముఖ్యమైన సంగతి, అందుకే కాస్త ఆగి చెబుతాను. ముప్పై బోర్ల ఫలితాలు చేతికి వస్తే, కంప్యూటర్ ప్రోగ్రాములు ఆ చుక్కల మధ్య ఖాళీలన్నిటినీ రంగుతో నింపేస్తాయి. ఎరుపు నుంచి పసుపుకూ, పసుపు నుంచి ఆకుపచ్చకూ మెత్తగా కరిగిపోయే రంగులు చూడటానికి చాలా బాగుంటాయి. కానీ బెంగళూరు కింద ఉన్నది గట్టి రాయి, నైస్ శిల. అక్కడ నీళ్లు ఇసుక నేలలో మాదిరి సమంగా పరుచుకోవు, రాతి పగుళ్ల వెంట పోతాయి. ఒక బోరు పగులుకు తగిలి ఉంటుంది, వీధి అవతలి బోరుకు ఆ పగులే ఉండదు. ఒకదాంట్లో విషం, ఒకదాంట్లో మంచి నీళ్లు ఉండవచ్చు. వాటి మధ్య ఎవరూ పరీక్షించని చోట ఆకుపచ్చ రంగు పూసి చూపిస్తే, అక్కడి మనిషి ఆ రంగును నమ్మి నీళ్లు తాగుతాడు. పరీక్షించిన చోట చుక్క పెట్టండి, పరీక్షించని చోట తెల్లగా వదిలేయండి. ఆ తెలుపు కూడా ఒక సమాచారమే. ఇంకా ఎక్కడ పరీక్షించాలో అదే చెబుతుంది.

మ్యాపుల గురించి మాట్లాడేవారంతా లండన్ వైద్యుడు జాన్ స్నో పేరు తలుస్తారు. 1854లో సోహో ప్రాంతంలో కలరా ప్రబలింది. చనిపోయినవారి ఇళ్లను ఆయన మ్యాపు మీద గుర్తించారు. అవి బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుమిగూడి కనిపించాయి. ఈ కథ అందరూ చెబుతారు. కలరా నీళ్ల వల్లే వస్తుందనడానికి స్నో చూపిన ఇంకా బలమైన రుజువు మ్యాపు కాదు, ఒక పట్టిక. ఆ సంగతి చెప్పేవారు తక్కువ.

దక్షిణ లండన్‌లో రెండు నీళ్ల కంపెనీలు ఉండేవి. సౌత్‌వార్క్ అండ్ వాక్సాల్ కంపెనీ నగరం మురుగు కలిసే చోట థేమ్స్ నీళ్లు తోడేది. లాంబెత్ కంపెనీ 1852లో తన తోడే చోటును నదికి ఎగువకు మార్చుకుంది. రెండు కంపెనీల గొట్టాలూ ఒకే వీధుల్లో పోయేవి. ఒక ఇంటికి ఈ కంపెనీ నీళ్లు, పక్కింటికి ఆ కంపెనీ నీళ్లు. మ్యాపు మీద ఆ వీధులన్నీ కలగాపులగం. ఏ రంగు వేసినా తేడా తెలియదు. స్నో ఇంటింటి లెక్క తీసి పట్టిక వేశారు. పదివేల ఇళ్లకు మొదటి కంపెనీ నీళ్లు తాగిన ఇళ్లలో 315 మరణాలు, రెండో కంపెనీ ఇళ్లలో 37. మిగిలిన లండన్‌లో 59. రెండు అంకెలు పక్కపక్కన పెట్టగానే తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. అక్కడ వీధి పేరుగా మాత్రమే ఉంది. పని చేసింది గొట్టం.

ఇప్పుడు బెంగళూరు వీధిని తలుచుకోండి. ఒక ఇంటికి కావేరి నీళ్లు, పక్కింటికి సొంత బోరు, ఆ పక్క అద్దె ఇళ్లకు ట్యాంకరు. పీణ్య చుట్టుపక్కల అద్దె గదుల్లో రాయలసీమ నుంచి వచ్చిన మనవాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలకు విరేచనాలు ఎందుకు వస్తున్నాయో తెలుసుకోవాలంటే వార్డుల మ్యాపుకు రంగు వేసి కూర్చుంటే లాభం లేదు. ఏ నీళ్లు తాగేవారిలో ఎంతమందికి అని మూడు బార్లు గీయాలి. ఒకే వాడలో, భూగర్భ జలం ప్రశ్నకు మ్యాపు కావాలి, తాగే నీటి ప్రశ్నకు బార్లు కావాలి. రెండిట్లోనూ చోటు పేర్లు అవే.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచికలు ఇచ్చింది. 70 దాటితే అత్యంత ప్రమాదకరం కింద లెక్క. 43 ప్రాంతాలు ఆ గీత దాటాయి. వాటిలో మన విశాఖపట్నం ఉంది, పటాన్‌చెరు-బొల్లారం ఉంది. ఆ రెండూ గీతకు కాస్త పైన. పీణ్య అప్పుడు 65 చిల్లరతో కింది వర్గంలో నిలిచింది. 2018 లెక్కలో అదే పీణ్య 78 దాటి పైవర్గంలోకి వెళ్లింది. ఇండియా మ్యాపు మీద 88 చుక్కలు పెడితే ఏం తెలుస్తుంది? పారిశ్రామిక ప్రాంతాలు దేశమంతా ఉన్నాయని తెలుస్తుంది. అది ముందే తెలుసు. అదే వరుసగా పేర్చిన బార్లలో 70 దగ్గర గీత గీస్తే, ఎవరు గీతకు ఎంత దూరంలో ఉన్నారో క్షణంలో కంటబడుతుంది. 2009కీ 2018కీ మధ్య ఒక గీత కలిపితే ఎవరు పైకి ఎక్కారో, ఎవరు కిందికి దిగారో తెలుస్తుంది. పీణ్య కార్మికుడికి కావాల్సింది ఆ వాలు.

మన కన్ను కొన్ని పనులు బాగా చేస్తుంది, కొన్ని చేయలేదు. 1984లో అమెరికాలో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే ఇద్దరు దీని మీద ప్రయోగాలు చేశారు. ఒకే కొలగీత మీద రెండు బిందువుల ఎత్తు తేడాను మనం దాదాపు తప్పు లేకుండా పట్టుకుంటాం. పొడవులను పోల్చడంలోనూ ఫర్వాలేదు. వైశాల్యాల దగ్గరికి వచ్చేసరికి తడబడతాం. రంగు ముదురు, లేత తేడాలతో ‘ఇది దానికి ఎన్ని రెట్లు’ అని చెప్పడం దాదాపు అసాధ్యం. రంగులు నింపిన జిల్లాల మ్యాపు మనల్ని అడిగేది సరిగ్గా ఈ చివరి పనే. 1826లో ఫ్రాన్స్‌లో షార్ల్ డూపాఁ, బడికి వెళ్లే పిల్లల లెక్కను చూపడానికి జిల్లాలకు నలుపు తెలుపుల ఛాయలు వేశారు. ఆ రకం మ్యాపుల్లో మొదటిది అదేనంటారు. దేశంలో ఒక భాగం వెలుతురుగా, ఒక భాగం చీకటిగా ఉందని చెప్పడానికి ఆ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ‘ఎంత తేడా’ అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు.

వైశాల్యం చేసే అన్యాయానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2011 జనాభా లెక్కలనాటి హైదరాబాద్ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు, జనం 39 లక్షల పైచిలుకు. పాత ఆదిలాబాద్ జిల్లా 16,128 చదరపు కిలోమీటర్లు, జనం 27 లక్షల పైచిలుకు. మ్యాపు మీద ఆదిలాబాద్ హైదరాబాద్‌కు 74 రెట్లు. మనుషుల లెక్కలో హైదరాబాదే పెద్దది. తెలంగాణలోని 119 అసెంబ్లీ స్థానాల్లో 15 హైదరాబాద్ జిల్లావి. ఎన్నికల రాత్రి టీవీ మ్యాపులో ఆ 15 స్థానాలూ ఒక చుక్కలో ఇరుక్కుపోతాయి. అడవి ఎక్కువగా ఉన్న రెండు మూడు నియోజకవర్గాలు వాటికన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తాయి. ఆ రంగు చూసి రాష్ట్రమంతా ఫలానా పార్టీదే అనుకునేవారు ఉంటారు. ఓటు వేసింది ఎకరాలు కాదు, మనుషులు. ప్రతి స్థానానికీ ఒకే కొలత గడి ఇచ్చి, గడులను రాష్ట్రం ఆకారానికి దగ్గరగా పేర్చితే న్యాయంగా ఉంటుంది. లేదంటే పార్టీల వారీగా బార్లు చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఏర్పడినప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా, విశాఖపట్నం జిల్లా పక్కపక్కన పెట్టినా ఇదే సంగతి. మొదటిది 12 వేల చదరపు కిలోమీటర్లు దాటింది, రెండోది సుమారు వెయ్యి. జనం రెండోదాంట్లోనే రెట్టింపు. కానీ అల్లూరి జిల్లా విషయంలో నేను మ్యాపు పక్షమే. అక్కడ ఆసుపత్రి ఎంత దూరం, వాగు దాటాలా, ఘాట్ రోడ్డు ఉందా అన్నవే ప్రాణం మీది ప్రశ్నలు. ఆ దూరాలను బార్ గ్రాఫులో పెడితే సగటు మిగులుతుంది. ఆ సగటు పాడేరులో ఉన్నవాళ్లకూ పనికిరాదు, మారుమూల గూడెంలో ఉన్నవాళ్లకూ పనికిరాదు.

మొత్తాలను మ్యాపు మీద వేయడం ఇంకో పొరపాటు. కర్ణాటక జిల్లాల మ్యాపు తీసుకుని ఏ లెక్క వేసినా బెంగళూరు అర్బన్ జిల్లా ముదురు రంగులోనే తేలుతుంది. ప్రమాదాలు, పెళ్లిళ్లు, కుక్కకాట్లు, పట్టభద్రులు, అన్నీ అంతే. రాష్ట్రంలోని 6 కోట్ల 11 లక్షల మందిలో 96 లక్షల మంది 2011లోనే అక్కడ ఉన్నారు. అలాంటి మ్యాపులన్నీ చివరికి జనాభా మ్యాపులే. లక్షకు ఎంతమంది అని లెక్కగట్టి అప్పుడు రంగు వేయాలి. మొత్తాలే చూపాలనుకుంటే బార్లు గీయాలి.

భాష లెక్క కూడా అలాంటిదే. 2011లో కర్ణాటక జనాభాలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు దాదాపు 5.8 శాతం. దేశంలో ఏ రాష్ట్రంలో ఏ భాష ఎక్కువో ఆ రంగు వేసే మ్యాపులో కర్ణాటక మొత్తం ఒకే రంగు. తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు దాదాపు నాలుగు వైపులా ఆంధ్రప్రదేశే ఉంటుంది, అక్కడ చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు. కోలారు వైపూ అంతే. అలాంటి మ్యాపులో వాళ్లెవరూ లేరు. పావగడ నుంచి తుమకూరు మీదుగా పీణ్యకు పనికి వచ్చేవాళ్ల ఇంటి భాష ఆ రంగు కింద కనబడకుండా పోతుంది. తాలూకా స్థాయిలో చుక్కలు పెట్టండి, ఒక్కో చుక్క ఇంతమందికి అని రాయండి. అప్పుడు సరిహద్దు గీతకు రెండు వైపులా ఒకే భాష ఎలా పరుచుకుని ఉందో తెలుస్తుంది. ఇక్కడ మ్యాపు మానుకోవడం కాదు, ఇంకా మంచి మ్యాపు గీయడమే పరిష్కారం.

బెంగళూరు మెట్రోలో తలుపు పైన ఉండే స్టేషన్ల పట్టీని ఎప్పుడైనా గమనించారా? యశవంతపుర, గొరగుంటెపాళ్య, పీణ్య, పీణ్య ఇండస్ట్రీ, జాలహళ్లి, దాసరహళ్లి, నాగసంద్ర. అన్నీ ఒకే తిన్నని గీత మీద సమాన దూరంలో ఉంటాయి. నిజంలో దూరాలు సమానం కావు, దారి తిన్నగా లేదు. అయినా ప్రయాణికుడికి కావాల్సింది వరుస ఒక్కటే. లండన్ భూగర్భ రైళ్లకు హ్యారీ బెక్ గీసిన పటం 1933లో అచ్చయింది. భౌగోళికమైన వంకరలన్నీ తీసేసి వరుసను, రైలు మారే చోట్లను మాత్రమే ఉంచిన ఆ పద్ధతినే ప్రపంచమంతా అనుసరిస్తోంది. కానీ స్టేషన్ దిగి ఫ్యాక్టరీ గేటు వెతుక్కునే కొత్త కార్మికుడికి ఆ పట్టీ ఏమీ చెప్పదు. అతడికి గోడ మీద వీధుల మ్యాపు కావాలి, అందులో ‘మీరు ఇక్కడున్నారు’ అన్న గుర్తు కావాలి. దిగేలోపు ఒకటి, దిగాక ఒకటి.

చివరగా, త్వరలో మనందరి ముందుకు వచ్చే పని గురించి చెప్పాలి. 2011 తర్వాత మొదటి జనాభా లెక్కలకు ప్రభుత్వం ప్రకటించిన ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ అంకెలు రాగానే పత్రికలూ కార్యాలయాలూ బడులూ జిల్లాల మ్యాపులకు రంగులు వేయడం మొదలుపెడతాయి. 2011 మ్యాపు పక్కన కొత్త మ్యాపు పెట్టి ఎవరు పెరిగారు, ఎవరు తగ్గారు అని చూడాలనిపిస్తుంది. కానీ మన జిల్లాలు అప్పటివి కావు. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. చంద్రయాన్-3ను 2023 జులైలో ఎగరేసిన శ్రీహరికోట తిరుపతి జిల్లాలో ఉంది. 2019లో చంద్రయాన్-2ను ఎగరేసినప్పుడు అదే దీవి నెల్లూరు జిల్లాలో ఉంది. దీవి కదల్లేదు, గీత కదిలింది. రెండు మ్యాపులు పక్కన పెట్టి నెల్లూరు జనం తగ్గారని ఎవరైనా అంటే, సూళ్లూరుపేట మనిషి ఏమనుకోవాలి?

పోలిక కావాలంటే కింది నుంచి కట్టుకు రావాలి. మండలాలు కూడా చీలాయి కాబట్టి గ్రామం దాకా దిగి, పాత జిల్లా హద్దులోని గ్రామాలన్నీ కూడి, ఆ మొత్తాన్ని 2011 మొత్తం పక్కన రెండు బార్లుగా నిలబెట్టాలి. పెరుగుదల ప్రశ్నకు అదే సరైన బొమ్మ. కొత్త జిల్లా లోపల జనం ఎక్కడ చిక్కగా ఉన్నారు, బడి ఎక్కడ కట్టాలి, ఆసుపత్రి ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నలకు గ్రామాల మ్యాపు వేయాలి. పట్టికలు తయారుచేసే ఉద్యోగులను, బొమ్మలు గీసే పత్రికా మిత్రులను, పిల్లలకు ప్రాజెక్టులు ఇచ్చే ఉపాధ్యాయులను నేను కోరేది ఒకటుంది. మీరు గీసిన ప్రతి మ్యాపు కింద, ఈ హద్దులు ఫలానా సంవత్సరానివి అని ఒక వాక్యం రాయండి. దాన్ని చూసేవాళ్లకు చదవడానికి వీలుగా, పెద్ద అక్షరాల్లో రాయండి.